ఆకలి – అల్పాహారం : గుప్పెడు శనగలు నేర్పే పాఠం

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న సామెత అందరికీ తెలిసినదే. ఆకలిగొన్నవానికి ఎదుట ఉన్న ఆహారం ఎట్టిదైనా అమృతప్రాయమే అవుతుందని దీని భావం. అయితే ఈ సామెతకు ఇంకొక అర్థం కూడ చెప్పుకొనవచ్చును. ఆకలి వేసినపుడు మనిషి తాను తినబోవునది తనకు మేలు చేయునా, కీడు చేయునా అని విచారించడు. చేతికి అందినది తింటాడు. విద్యార్థి జీవితంలో ఈ రెండవ అర్థమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ విషయమును గురించి వ్రాయవలెనని నాకు తోచుటకు ఒక చిన్న సంఘటన కారణం. గత విద్యా సంవత్సరంలో ఒకనాడు మూడవ పీరియడులో పద్యపాఠం చెబుతుండగా, ముందు బల్లపై కూర్చున్న ఒక విద్యార్థిని కళ్ళు తిరిగి ప్రక్కకు ఒరిగిపోయింది. ముఖాన నీళ్ళు చల్లి, తేరుకొన్న తరువాత అడుగగా, ఊరి నుండి ఏడు గంటల బస్సు అందుకొనుటకై ఏమీ తినకుండ బయలుదేరినదనీ, కళాశాలకు వచ్చిన తరువాత ఒక టీ, రెండు బిస్కట్లు మాత్రమే తీసుకొన్నదనీ తెలిసింది. "బిస్కట్లు తిన్నాను గదా సార్! ఇంత త్వరగా మళ్ళీ ఆకలి ఎందుకు వేసింది?" అని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆనాడు నావద్ద సరియైన సమాధానం లేకపోయింది. నేను తెలుగు బోధించువాడను, వైద్యుడను కాను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. సైన్సు శాఖలలోని మిత్రులను అడిగి, పోషకాహార గ్రంథాలు తిరగవేసి తెలుసుకొన్న సంగతులను విద్యార్థినీ విద్యార్థుల కొరకు, కళాశాల కమిటీ పెద్దల పరిశీలన కొరకు ఇందు పొందుపరుస్తున్నాను.

మాటలలోని భేదం

భాష బోధించువానికి మాటలతో ప్రారంభించుట అలవాటు. తెలుగులో మనం 'ఆకలి' అంటాము. సంస్కృతంలో 'క్షుధ' అను మాటతో పాటు 'బుభుక్ష' అను మాట కూడ కలదు. బుభుక్ష అనగా తినవలెననెడి కోరిక. ఈ మాటయే ప్రాకృతం మీదుగా రూపం మారి ఉర్దూలో 'భూక్' అయినది. అరబ్బీ నుండి ఉర్దూకు వచ్చిన 'ఇష్తిహా' అను పదానికి కూడ మూలార్థం కోరికయే. శరీరానికి శక్తి కావలసి వచ్చినపుడు కలిగే బాధ ఒకటి. రుచికరమైన పదార్థమును చూచి, దాని వాసన తగిలి నోరూరుట మరొకటి. మొదటిది అవసరం, రెండవది కోరిక. నిత్యజీవితంలో ఈ రెండును పెనవేసుకొని ఉంటాయి గనుక మనం రెండింటినీ ఆకలి అనియే పిలుస్తాము.

తృప్తిలో కూడ ఇట్టి భేదమే కలదు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో విందు ముగిసిన తరువాత "పేట్ భర్ గయా, నీయత్ నహీఁ భరీ" అనుకొనుట వింటుంటాము. కడుపు నిండినది గాని మనసు నిండలేదని దీని తాత్పర్యం. శాస్త్రజ్ఞులు తృప్తిని వేరొక విధంగా రెండుగా విభజిస్తారు. భోజనం చేయుచుండగా "ఇక చాలు" అనిపించి విస్తరి ముందు నుండి లేచునట్లు చేసే తృప్తి మొదటిది. లేచిన తరువాత తిరిగి ఆకలి వేయకుండ కొన్ని గంటల పాటు నిలిచే తృప్తి రెండవది. దీనిని మనం 'నిలకడ తృప్తి' అనవచ్చును. తీపి పదార్థాలు, మైదా తినుబండారాలు మొదటి తృప్తిని సులభంగానే కలిగిస్తాయి. రెండవ తృప్తిని ఎక్కువసేపు నిలుపలేవు. ఆ విద్యార్థిని ప్రశ్నకు సమాధానం ఈ రెండవ తృప్తిలోనే ఉన్నది.

ఆకలి ఎక్కడ పుడుతుంది?

ఆకలి కడుపులో పుడుతుందని మనమందరం అనుకొంటాము. శాస్త్రజ్ఞులు కూడ చాల కాలం అట్లే భావించారు. 1912లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు వాష్‌బర్న్ ఒక ప్రయోగఫలితమును ప్రకటించారు. వాష్‌బర్న్ గొట్టానికి అమర్చిన రబ్బరు బుడగను స్వయంగా మ్రింగి, దానిని జీర్ణాశయంలో నిలుపుకొన్నాడు. జీర్ణాశయం ముడుచుకొన్నప్పుడెల్ల ఆ కదలిక కాగితంపై గీతగా నమోదయ్యేది. ఆకలి నొప్పి కలిగిన సమయాలును, జీర్ణాశయం ముడుచుకొన్న సమయాలును సరిపోవుట వారు గమనించారు. కడుపులో ఎలుకలు పరుగెత్తుచున్నవని మనవారు అనుట ఈ ముడుచుకొనుటను గురించియే.

అయితే శస్త్రచికిత్సలో జీర్ణాశయమును తొలగించిన రోగులకు కూడ ఆకలి వేస్తుందని తరువాత తెలిసినది. కావున ఆకలికి కడుపు ఒక్కటే కారణం కాదు. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథలామస్ అను చిన్న భాగం ఇందులో ముఖ్యపాత్ర వహిస్తుంది. కడుపు, ప్రేవులు, రక్తం, కొవ్వు కణాలు పంపే వార్తలను అది అందుకొంటుంది. ఈ వార్తలను మోసికొనిపోయే రసాయనాలను హార్మోనులు అంటారు.

ఆకలిని రేపే హార్మోను పేరు 'గ్రెలిన్'. దీనిని 1999లో జపాను దేశీయులైన కొజిమా, కంగావా అను శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఎలుక జీర్ణాశయంలో కనుగొన్నారు. పెరుగుట అను అర్థం గల ప్రాచీన ఇండో–యూరోపియను ధాతువు నుండి వారు ఈ పేరును కల్పించారు. శరీర పెరుగుదలకు తోడ్పడే మరొక హార్మోనును ఇది విడుదల చేయించుటయే అందుకు కారణం. భోజనానికి ముందు రక్తంలో గ్రెలిన్ పెరిగి, భోజనం తరువాత తగ్గుతుందని 2001లో అమెరికాలో జరిగిన పరిశోధనలో వెల్లడైనది. మనం అలవాటు పడిన భోజనవేళకు ఇది తనంత తానే పెరుగుతుంది. గడియారం చూడకుండానే భోజనవేళకు ఆకలి వేయుటలోని రహస్యమిదే.

తృప్తిని తెలిపే హార్మోనులు అనేకం ఉన్నవి. ఆహారంలోని కొవ్వు, మాంసకృత్తులు చిన్నప్రేవుల పై భాగానికి చేరగానే 'కొలిసిస్టోకైనిన్' అనునది విడుదలై, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగమును తగ్గిస్తుంది. ఆహారం మరికొంత క్రిందికి చేరినపుడు 'జి.ఎల్.పి.–1', 'పెప్టైడ్ వై.వై.' అను మరి రెండు హార్మోనులు ఎక్కువగా విడుదలై, ఇక చాలునను వార్తను మెదడుకు చేరుస్తాయి. ఇటీవలి కాలంలో స్థూలకాయానికి వైద్యులు ఇస్తున్న సూదిమందులలో కొన్ని ఈ జి.ఎల్.పి.–1 పనిని అనుకరించునట్టివే. ఆహారం వలన కలిగే ఫలితం ఆ మందుల ఫలితమంత బలమైనది కాదు. కాని ఈ వార్తలు మెదడుకు చేరుటకు కొంత సమయం పడుతుందని మాత్రం గుర్తుంచుకొనవలెను. వేగంగా తినువాడు ఆ వార్త అందకముందే అవసరానికి మించి తింటాడు.

మాంసకృత్తులు చేసే పని

ప్రోటీనులను మన పాఠ్యగ్రంథాలు మాంసకృత్తులని పేర్కొన్నవి. ఈ పేరు విని ఇవి మాంసంలో మాత్రమే ఉంటాయని కొందరు భ్రమపడతారు. పప్పుధాన్యాలలో, పాలలో, గ్రుడ్లలో, చేపలలో కూడ ఇవి సమృద్ధిగా ఉన్నవి.

సమాన కెలోరీలు గల పిండిపదార్థాల కంటెను, కొవ్వు కంటెను మాంసకృత్తులు తృప్తిని ఎక్కువసేపు నిలుపుతాయని పెక్కు పరిశోధనలు తెలుపుతున్నవి. ఇందుకు కారణాలు ఒకటి కంటె ఎక్కువ. పైన చెప్పిన తృప్తి హార్మోనులను మాంసకృత్తులు బాగుగా ప్రేరేపిస్తాయి. జీర్ణమై అమైనో ఆమ్లాలుగా మారి రక్తంలో చేరి, అచ్చటి నుండి కూడ మెదడుకు వార్తలు పంపుతాయి. వీటిని జీర్ణించుకొనుటకు శరీరం చేయు ఖర్చు కూడ అధికమే. పిండిపదార్థాల వలన లభించే శక్తిలో నూటికి 5 నుండి 10 వంతులు జీర్ణక్రియకే ఖర్చు కాగా, మాంసకృత్తుల విషయంలో అది 20 నుండి 30 వంతుల వరకు ఉంటుంది.

సాయంకాలపు అల్పాహారంపై అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో జరిగి 2014లో వెలువడిన పరిశోధన ఒకటి మనకు ఉపయోగిస్తుంది. అందులో 20 మంది స్త్రీలకు మధ్యాహ్న భోజనమైన మూడు గంటలకు 160 కెలోరీల అల్పాహారం ఇచ్చారు. ఒకమారు 14 గ్రాముల మాంసకృత్తులు గల చిక్కని పెరుగు, ఒకమారు కరకరలాడే ఉప్పు బిస్కట్లు, మరొకమారు చాకొలెట్టు. మూడింటిలోను కెలోరీలు సమానమే. పెరుగు తిన్న రోజున వారు తిరిగి ఆహారం కోరుటకు చాకొలెట్టు తిన్న నాటికంటె సుమారు అరగంట ఎక్కువ సమయం పట్టినది. రాత్రి భోజనంలో తిన్నది కూడ మిగిలిన రెండు రోజుల కంటె సుమారు 100 కెలోరీలు తగ్గినది. అయితే 2013లో అదే శాఖవారు జరిపిన మరొక ప్రయోగంలో, మాంసకృత్తులు ఎక్కువైన కొలది ఆకలి ఆలస్యమైనను, రాత్రి భోజనంలో భేదం కనిపించలేదు. కావున మాంసకృత్తులు ఆకలిని వాయిదా వేస్తాయని చెప్పవచ్చును గాని, తరువాతి భోజనమును తప్పక తగ్గిస్తాయని చెప్పజాలము. ఇవి కొద్దిమందిపై జరిగిన పరిశోధనలు అనుట కూడ మరువరాదు.

పీచుపదార్థం చేసే పని

పీచుపదార్థం మన ప్రేవులలో జీర్ణం కాదు. జీర్ణం కానిదాని వలన ప్రయోజనమేమని ఒకప్పుడు భావించేవారు. ధాన్యమును తెల్లగా మరపట్టి, పిండిని సన్నని జల్లెడ పట్టి పొట్టును పశువులకు వేయుట నాగరకతగా చెల్లినది. ఆ అభిప్రాయం ఇప్పుడు పూర్తిగా మారినది.

పీచు మొదటి పని నోటిలోనే ప్రారంభమవుతుంది. పీచు గల పదార్థమును బాగుగా నమలవలెను. నమలుట వలన తినే వేగం తగ్గి, తృప్తి వార్త మెదడుకు చేరుటకు వ్యవధి లభిస్తుంది. రెండవ పని జీర్ణాశయంలో జరుగుతుంది. పీచు నీటిని పీల్చి ఉబ్బుతుంది. తక్కువ కెలోరీలతో ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. నీటిలో కరిగే జాతి పీచు జిగురుగా మారి, ఆహారం ముందుకు సాగే వేగమును, చక్కెర రక్తంలో చేరే వేగమును తగ్గిస్తుంది. మూడవ పని పెద్దప్రేవులలో జరుగుతుంది. అచ్చట నివసించే కోటానుకోట్ల సూక్ష్మజీవులు కొన్ని రకముల పీచును పులియజేసి, చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. ఇవి ప్రేవుల గోడలకు ఆహారమగుటయే గాక, తృప్తి హార్మోనుల విడుదలకు కూడ తోడ్పడతాయి.

పప్పుధాన్యాల ప్రభావం ఒక పూటతో ముగియదనుట మరింత ఆశ్చర్యకరం. 1982లో డేవిడ్ జెన్కిన్స్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో, ఉదయం మసూరు జాతి పప్పు తిన్నవారికి, రొట్టె తిన్నవారితో పోల్చినపుడు, మధ్యాహ్న భోజనం తరువాత కూడ రక్తంలో చక్కెర తక్కువగానే పెరిగినది. ఉదయం తిన్నది మధ్యాహ్నం వరకు మేలు చేయుట అనగా ఇదే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. పీచు అనగానే అన్ని రకములును ఆకలిని ఒకే విధంగా తగ్గించవు. పీచును వేరుచేసి పొడిగా చేసి, పానీయములందు కలిపి జరిపిన ప్రయోగాలలో చాలవాటియందు చెప్పుకోదగిన ఫలితం కనిపించలేదు. ఈ భేదం మనం గింజలను తినుటకును, పొడులను త్రాగుటకును గల భేదం వంటిది. పెద్దలు దినమునకు కనీసం 25 గ్రాముల సహజమైన పీచు తీసుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది.

సిడ్నీ పట్టిక

ఏ ఆహారం ఎంత తృప్తినిస్తుందో కొలుచుటకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుజానా హోల్ట్, ఆమె సహచరులు 1995లో ఒక పట్టిక తయారుచేసారు. 38 రకముల ఆహారాలను 240 కెలోరీల చొప్పున తినిపించి, రెండు గంటల పాటు ఆకలిని లెక్కించారు. తెల్లరొట్టెకు 100 మార్కులని నిర్ణయించి మిగిలినవాటిని దానితో పోల్చారు. ఉడికించిన బంగాళాదుంపకు 323, చేపకు 225, నారింజకు 202, గ్రుడ్లకు 150, మసూరు జాతి పప్పుకు 133, బిస్కట్లకు 120, వేరుశనగ పప్పుకు 84, కేకుకు 65 మార్కులు వచ్చినవి.

ఈ పట్టికను తొందరపడి చదువరాదు. మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్న వేరుశనగకు తెల్లరొట్టె కంటె తక్కువ మార్కులేల వచ్చినవని సందేహం కలుగవచ్చును. వేరుశనగలో కొవ్వు ఎక్కువ. కావున 240 కెలోరీలంటే సుమారు నలభై గ్రాములే, గుప్పెడు మాత్రమే. గుప్పెడు పదార్థంతో రెండు గంటలలోపు కడుపు నిండదు. బంగాళాదుంప అయినచో అదే కెలోరీలకు పెద్ద పళ్ళెమంత వస్తుంది. దీనివలన తేలునదేమనగా, తృప్తికి మాంసకృత్తులు ఒక్కటే చాలవు; పీచు, నీరు, పరిమాణం కూడ తోడు కావలెను. ఈ నాలుగును ఒకచోట కలిసి ఉండే చవకైన పదార్థమేది అని వెదకినచో, మన వంటింటి డబ్బాలోనే కనిపిస్తుంది.

మన గింజలు, మన గుగ్గిళ్ళు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశానికి గర్వకారణమైనది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ నాయకత్వాన చిన్న పరిశోధన విభాగంగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. ఆ సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు పదార్థంలో ఉండునవి ఇట్లున్నవి. అంకెలన్నియు సుమారైనవి.

శనగలు : మాంసకృత్తులు 19 గ్రాములు, పీచు 25 గ్రాములు.
పెసలు : మాంసకృత్తులు 22 గ్రాములు, పీచు 17 గ్రాములు.
ఉలవలు : మాంసకృత్తులు 22 గ్రాములు, పీచు 8 గ్రాములు.
వేరుశనగ పప్పు : మాంసకృత్తులు 24 గ్రాములు, పీచు 10 గ్రాములు, కొవ్వు 40 గ్రాములు.
మైదా : మాంసకృత్తులు 10 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు.

ఏబది గ్రాముల శనగలను రాత్రి నానబెట్టి ఉదయం ఉడికించినచో నీటిని పీల్చి రెండింతలకు పైగా బరువు తూగుతాయి. ఆ పళ్ళెంలో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు, 12 గ్రాముల పీచు, 150 కెలోరీల లోపు శక్తి లభిస్తాయి. దినమునకు కావలసిన కనీస పీచులో సగం ఒక్క పళ్ళెంలోనే వచ్చినదన్నమాట. నేడు దుకాణాలలో రంగుల కాగితాలలో చుట్టి 'హై ఫైబర్' అని ముద్రించిన తినుబండారాలు అమ్ముతున్నారు. మన దేశపు నిబంధనల ప్రకారం 100 గ్రాముల ఘనపదార్థంలో 6 గ్రాముల పీచు ఉన్నచో అట్లు ముద్రించుకొనవచ్చును. ఉడికి నీరు చేరిన తరువాత కూడ శనగలు ఆ హద్దును దాటియే ఉంటాయి. కాని వాటిపై ఎవరును ఏమీ ముద్రించరు.

"మిరపకాయ బజ్జీ కూడ శనగపిండితో చేసినదే గదా!" అని విద్యార్థులు నన్ను ప్రశ్నించవచ్చును. నిజమే. కాని పొట్టు తీసి పప్పు చేసినపుడే పీచు కొంతవరకు పోతుంది. దానిని పిండి పట్టినందున నమలవలసిన పని తగ్గుతుంది. నూనెలో వేగినందున కెలోరీలు పెరుగుతాయి. గింజ ఒక్కటే అయినను, గుగ్గిళ్ళు వేరు, బజ్జీ వేరు.

కోస్తాలో గుగ్గిళ్ళు అనియు, తెలంగాణలో గుడాలు అనియు, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో చనే అనియు పిలిచే ఈ పదార్థం మన సంస్కృతిలో మతభేదం లేకుండ కలిసిపోయినది. నా చిన్ననాట శ్రావణమాసంలో పొరుగింటి పిన్నిగారు నోము నోచుకొని, నానబెట్టిన శనగలను మా అమ్మీకి పంపేవారు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళకు మా ఇంట తాలింపు వేసిన శనగలలో ఒక గిన్నె వారింటికి వెళ్ళేది. ఆ గిన్నెను ఎన్నడును ఖాళీగా తిరిగి పంపలేదు. అటు నుండి ఇటును, ఇటు నుండి అటును ప్రయాణం చేసినది ఒకే గింజ.

ఉపవాసం నేర్పునది

ఆకలిని గురించి పుస్తకాలలో కంటె రంజాన్ నెలలో మనకు ఎక్కువ అనుభవం లభిస్తుంది. మధ్యాహ్న భోజనవేళకు తీవ్రంగా వేసిన ఆకలి అసర్ నమాజు నాటికి కొంత శాంతించుట ఉపవాసమున్నవారందరికీ తెలుసు. అలవాటైన వేళకు పెరిగిన గ్రెలిన్ ఆ వేళ దాటిన తరువాత తగ్గుటయే దీనికి ఒక కారణం. ఆకలి అల వంటిది; లేస్తుంది, పడుతుంది.

సహరీలో తెల్లని అన్నం, టీ మాత్రమే తీసుకొన్నవారికి పగలు త్వరగా నీరసం కలుగుతుంది. అందులో పప్పు, గ్రుడ్డు, పెరుగు, ముడి గోధుమ రొట్టె వంటివి చేర్చినచో తృప్తి మరి కొంతసేపు నిలుస్తుంది. అంతమాత్రమే. పదమూడు పదునాలుగు గంటల పాటు ఆకలియే వేయకుండ చేయగల ఆహారం లోకంలో లేదు. ఆకలిగొన్నవాని బాధను అనుభవించి తెలుసుకొనుటయే ఉపవాస ఫలాలలో ఒకటి గదా! ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీరు తీసుకొని మగ్రిబ్ నమాజు ముగించి తరువాత భోజనానికి కూర్చుండుట మన పెద్దల ఆచారం. తృప్తి వార్త మెదడుకు చేరుటకు ఈ వ్యవధి ఎంత అనుకూలమో పై విషయాలు చదివినవారికి తేటతెల్లమవుతుంది. కడుపును నింపివేయక నీటికి, శ్వాసకు చోటు ఉంచవలెనన్న ప్రవక్త బోధ కూడ మనకు మార్గదర్శకం. ఆ వ్యవధిని వేపుడు సమోసాలతో నింపుకొనుట మన తొందరపాటు గాని, ఆచారం కాదు.

కొన్ని జాగ్రత్తలు

శనగలను కనీసం ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మెత్తగా ఉడికించవలెను. పప్పుధాన్యాలలో జీర్ణం కాని కొన్ని చక్కెరల వలన కడుపుబ్బరం కలుగుతుంది. నానబెట్టి నీరు వంపినచో అది కొంత తగ్గుతుంది. అలవాటు లేనివారు కొద్దిగా ప్రారంభించి క్రమంగా పెంచుకొనవలెను. పీచు ఎక్కువ తినువారు నీరు కూడ ఎక్కువగా త్రాగవలెను. లేనిచో మలబద్ధకం కలుగుతుంది. మూత్రపిండాల వ్యాధి గలవారు వైద్యుని సలహా లేకుండ మాంసకృత్తులు పెంచరాదు. గుగ్గిళ్ళపై నిమ్మరసం పిండుట మంచిది. అందలి సి విటమిను శనగలలోని ఇనుము రక్తంలో చేరుటకు తోడ్పడుతుంది. వెంటనే టీ త్రాగుట అందుకు ఆటంకం. రక్తహీనతతో బాధపడు విద్యార్థినులు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను. శనగలలో తక్కువగా ఉన్న అమైనో ఆమ్లం ధాన్యంలోను, ధాన్యంలో తక్కువైనది శనగలలోను ఉన్నందున, ఇంట అన్నమో, రొట్టెయో తినువారికి ఇవి మంచి జత.

మనవి

పైన చెప్పిన విదేశీ పరిశోధనలలో చాలవరకు జరిగినది, తిండి ఎక్కువైన సమాజాలు తక్కువ తినుట ఎట్లు అని తెలుసుకొనుటకు. మన సమస్య వేరు. మన తరగతులలో కూర్చున్నవారిలో పలువురు ఉదయం ఏమీ తినకుండ బస్సులు ఎక్కి వచ్చినవారు. వారికి ఆకలిని తగ్గించుకొను ఉపాయం అక్కరలేదు. చేతిలో ఉన్న కొద్దిపాటి పైకముతో కొన్న ఆహారం మధ్యాహ్నం వరకు నిలుచు ఉపాయం కావలెను. శాస్త్రం ఒక్కటే, దానిని ఉపయోగించుకొను అవసరం వేరు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా సవినయ మనవి. మన క్యాంటీనులో టీ, బిస్కట్లు, సమోసాలతో పాటు ప్రతి ఉదయం ఒక గుండిగ గుగ్గిళ్ళు ఉంచునట్లు ఏర్పాటు చేయవలెను. శనగలు, పెసలు, ఉలవలు దినమునకు ఒకటిగా మార్చవచ్చును. ఇందుకు నూనె బాణలి అక్కరలేదు. రాత్రి నానబెట్టు శ్రద్ధ చాలును. రెండవ పీరియడు తరువాత పది నిమిషాల విరామం ఇచ్చినచో విద్యార్థులు నమలి తినుటకు వ్యవధి ఉంటుంది. కొనలేని విద్యార్థులకు విద్యార్థి సహాయ నిధి నుండి చీటీలు ఇచ్చినచో, అందరితో పాటు అదే పళ్ళెంలో, అదే బల్లపై తినగలుగుతారు. ఎవరు చీటీతో తిన్నారో, ఎవరు పైకము ఇచ్చి తిన్నారో ప్రక్కవానికి తెలియనవసరం లేదు.

విద్యార్థులారా! కమిటీవారి నిర్ణయం వచ్చువరకు మీరు ఆగనవసరం లేదు. రాత్రి పడుకొనుటకు ముందు గుప్పెడు శనగలు నీటిలో వేయండి. ఉదయం అమ్మ అన్నం వండు పొయ్యిపైననే అవి ఉడుకుతాయి. చిన్న డబ్బాలో వేసికొని బస్సు ఎక్కండి.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థిని ఈ సంవత్సరం చివరి తరగతిలో ఉన్నది. ఆమెకు నేను బాకీపడిన సమాధానం ఇదే : అమ్మా! నీవు తిన్న బిస్కట్లు నీ ఆకలిని మాన్పలేదు, కాసేపు నిద్రపుచ్చినవి. అది వెంటనే మేలుకొన్నది. నీకు కావలసినది ఎక్కువ తిండి కాదు, ఎక్కువసేపు నిలిచే తిండి.